స్టడీకి వెళ్లే ముందు: మందుల ప్రయోగాల్లో పాల్గొనేవారికి కొన్ని జాగ్రత్తలు

మిరప కోతలు ముగిసి, పొగాకు బ్యారన్లు చల్లారిన తరువాత కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు పల్లెల్లో కూలి పనులు బాగా తగ్గిపోతాయి. జూన్‌లో కట్టవలసిన కాలేజీ ఫీజు మాత్రం ఆగదు. సరిగ్గా ఆ రోజుల్లోనే తెలిసినవాడొకడు వచ్చి, హైదరాబాదులో స్టడీ ఉందనీ, నాలుగు రోజులు పడుకొని రక్తం ఇస్తే డబ్బు ఇస్తారనీ చెబుతాడు. అతను చాలాసార్లు మన బంధువే అయి ఉంటాడు, లేదా అంతకు ముందు ఏడాది వెళ్లి క్షేమంగా తిరిగి వచ్చినవాడు అయి ఉంటాడు. మనిషికి ఇంత అని తనకు కమీషన్ ముడుతుందన్న సంగతి అతను చెప్పడు.

నేను కొన్నేళ్లు అటువంటి స్టడీలు జరిపే ఒక కేంద్రంలో ఫార్మసిస్టుగా పనిచేశాను. ఎవరూ వెళ్లవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. మన ఊరి మందుల షాపులో జెనరిక్ మాత్ర చవకగా దొరకాలంటే ఎవరో ఒక ఆరోగ్యవంతుడు ముందుగా దాన్ని మింగి రక్తం ఇచ్చి ఉండాలి. అయితే అక్కడ నా కళ్లముందు జరిగిన ఇబ్బందుల్లో చాలావాటికి మూలం వాలంటీరు దాచిపెట్టిన ఏదో ఒక విషయమే. దాచమని నేర్పింది ఏజెంటు, చూసీ చూడనట్లు వదిలేసింది కేంద్రం. అందుకే ఈ జాగ్రత్తల్లో ఎక్కువ భాగం దాని చుట్టూనే తిరుగుతాయి.

ఆరోగ్యవంతులను పిలిచేది ఎక్కువగా బయోఈక్వివలెన్స్ స్టడీలకు. ఒక కంపెనీ కొత్తగా తయారుచేసిన మాత్ర, అదే మందుకు మొదటి కంపెనీ మాత్ర, రెండూ రక్తంలోకి ఒకే వేగంతో, ఒకే మోతాదులో చేరుతున్నాయా అని వాటిలో చూస్తారు. ముందు రోజు రాత్రి చెక్-ఇన్ చేయించుకొని, దాదాపు పది గంటలు ఏమీ పెట్టకుండా ఉంచి, ఉదయం మాత్ర ఇచ్చి, చేతి నరంలో పెట్టిన క్యానులా అనే సన్నని గొట్టం నుంచి గంట గంటకూ రక్తం తీస్తారు. మొదటి మందు ఒంట్లోంచి పూర్తిగా పోయేందుకు కొన్ని రోజుల వాషౌట్ ఇచ్చి, రెండోసారి పిలిచి రెండో మాత్ర ఇస్తారు. మార్కెట్లో ఉన్న మందే కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే క్యాన్సర్ మందు, మానసిక వ్యాధి మందు, రక్తపోటు మందు కూడా మార్కెట్లో ఉన్నవే. జబ్బు ఉన్నవాడికి మేలు చేసే మోతాదు జబ్బు లేనివాడిని పడగొట్టవచ్చు. 2011లో పిడుగురాళ్ల మహిళలు హైదరాబాదులో ఇటువంటి స్టడీల్లో పాల్గొని అనారోగ్యం పాలయ్యారన్న వార్త రాష్ట్రమంతా చర్చకు వచ్చింది.

మనిషికి మొదటిసారి ఇచ్చే మందు సంగతి వేరు. 2006 మార్చిలో లండన్‌లో ఒక కొత్త మందును ఆరుగురు ఆరోగ్యవంతులకు నిమిషాల తేడాతో వరుసగా ఇస్తే, గంటల్లోనే ఆరుగురికీ శరీరంలోని అవయవాలు దెబ్బతినడం మొదలైంది. ఆ తరువాతే మొదట ఒకరికి ఇచ్చి, ఆగి చూసి, ఆపై మిగిలినవారికి ఇవ్వాలన్న జాగ్రత్త గట్టిపడింది. 2016 జనవరిలో ఫ్రాన్స్‌లోని రెన్ నగరంలో ఒక వాలంటీరును ఆసుపత్రికి తరలించిన మరునాడు ఉదయం కూడా మిగిలినవారికి అదే మందు ఇచ్చారు. ఆ మొదటి వ్యక్తి చనిపోయాడు. కనుక మనతో పాటు ఉన్న బ్యాచ్‌లోగాని, మనకంటే ముందు బ్యాచ్‌లోగాని ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అని డాక్టరును ప్రతి డోసుకు ముందూ అడగడానికి మొహమాటపడకూడదు.

బయలుదేరక ముందే తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. 2024 సెప్టెంబరులో చేసిన సవరణ ప్రకారం, 2025 ఏప్రిల్ 1 నుంచి, మందుల కంపెనీల తరఫున ఈ ప్రయోగాలు నడిపే క్లినికల్ రీసెర్చ్ సంస్థలు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ వద్ద నమోదు చేసుకోవాలి. పాల్గొనేవారి హక్కులను, క్షేమాన్ని చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ప్రయోగానికి ఉండాలి; ఆ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మందికి ఆ సంస్థతో సంబంధం ఉండకూడదు, వైద్యరంగానికి చెందని సామాన్యుడు ఒకరు, మహిళ ఒకరు తప్పనిసరి. ఏ కంపెనీ, ఏ మందు, ఏ చిరునామా అన్నది చెప్పకుండా "అక్కడికి వచ్చాక చెబుతారు" అనే ఏజెంటు వెంట రైలెక్కవద్దు. వెళ్లేటప్పుడు ఇంట్లో ఒకరికి ఆ చిరునామా, ఫోన్ నంబరు రాసి ఇవ్వాలి. ఫలానా పెళ్లికి వెళుతున్నానని చెప్పి వచ్చినవారిని నేను చాలామందిని చూశాను. వారికి ఏమైనా జరిగితే ఎవరికి కబురు చేయాలో మాకే తెలిసేది కాదు.

ఇక స్క్రీనింగ్. ఇక్కడ అబద్ధం ఆడితే ఎంపిక కావచ్చు, కాని ఆ అబద్ధం మందుతో పాటే ఒంట్లోకి వెళుతుంది. అన్నిటికంటే ఎక్కువగా దాచేది ఇంతకు ముందు చేసిన స్టడీని. సాధారణంగా ఒక స్టడీకీ మరొకదానికీ మధ్య 90 రోజులు ఉండాలంటారు. ఉదాహరణకు ఒక్కో పీరియడ్‌లో, అంటే మాత్ర ఇచ్చి రక్తం తీసే ఒక్కో విడతలో, ఇరవైసార్లు, సారికి 6 మిల్లీలీటర్ల చొప్పున తీస్తే రెండు పీరియడ్లకు 240 మిల్లీలీటర్లు అవుతుంది, స్క్రీనింగ్‌కు తీసేది దీనికి అదనం. నెల తిరగకుండా మరో కేంద్రానికి వెళితే రక్తహీనత రావడమే కాక, పాత మందు మిగిలి ఉండగా కొత్తది కలిసి కాలేయం మీద రెండింతల భారం పడుతుంది. వేలిముద్రలతో ఇటువంటివారిని పట్టుకునే ఏర్పాటు ఉన్నా, అన్ని సంస్థలూ అందులో లేవు. ఏజెంటుకు ఈ సంగతి బాగా తెలుసు. మధ్యలో రక్తదాన శిబిరంలో రక్తం ఇచ్చి ఉంటే అదీ చెప్పాలి.

మన ప్రాంతం వారికి ప్రత్యేకంగా చెప్పవలసింది మరొకటి ఉంది. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది తెలిసిందే. కీళ్లు పట్టేసి, నడుము వంగక, వారానికి రెండు మూడుసార్లు నొప్పి మాత్ర వేసుకోవడం చాలా ఇళ్లలో అలవాటుగా మారింది; దానిని మందుగా కూడా ఎవరూ లెక్కపెట్టరు. అలా ఏళ్ల తరబడి మింగిన నొప్పి మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, ప్రయోగంలో ఇచ్చే మందుల్లో చాలా భాగం ఆ మూత్రపిండాల గుండానే బయటికి పోవాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ వేసిన సూది, పసరు మందు, నిద్ర మాత్ర, ఖైనీ, గుట్కా, మద్యం వీటిలో దేనినైనా గత నెలలో వాడి ఉంటే డాక్టరుకు చెప్పాలి. స్క్రీనింగ్‌లో చేసిన కిడ్నీ, లివర్, హిమోగ్లోబిన్ పరీక్షల ఫలితాలు అడిగి తీసుకోవాలి. ఎంపిక కాకపోయినా, ఎందుకు కాలేదో తెలుసుకొని ఒంగోలులోనో నెల్లూరులోనో డాక్టరుకు చూపించుకోవడం మంచిది.

తినకూడని వాటి పట్టికలో ఒక చిన్న పొరపాటు నాకు తరచూ కనబడేది. గ్రేప్‌ఫ్రూట్ అన్న మాటను తెలుగు పత్రాల్లో ద్రాక్ష అని అనువదించేవారు. అది ద్రాక్ష కాదు, మన పంపరపనసకు దగ్గరి చుట్టం. ముఖ్యంగా పేగుల్లో కొన్ని మందులను విరగ్గొట్టే ఎంజైమును అది అడ్డుకొని, రక్తంలో మందు మోతాదును పెంచేస్తుంది, పంపరపనస కూడా ఆ పని చేయగలదు. ద్రాక్ష మానేసి పంపరపనస తొనలు తిని వచ్చినవాడిని తప్పుపట్టి ఏం లాభం?

అంగీకార పత్రాన్ని తెలుగులో ఇవ్వాలి, చదువు రానివారికి సంస్థతో సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి. హాలులో అరవై మందిని కూర్చోబెట్టి మైకులో చదివితే సరిపోయిందనుకోవద్దు. మన ప్రశ్నలకు విడిగా జవాబు దొరికేవరకు సంతకం పెట్టనవసరం లేదు. వేరొకరు మన తరఫున పెట్టే సంతకం ఎంత చేటు చేస్తుందో 2009-10లో ఖమ్మం జిల్లాలో బాలికలకు వేసిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వ్యవహారంలో చూశాం. అక్కడ తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది. మనం ప్రయోగం మధ్యలో ఆగిపోతే ఎంత డబ్బు ఇస్తారో పత్రంలో రాసి ఉండాలి. మన వృత్తి, వార్షిక ఆదాయం, నామినీ పేరు రాసే గళ్లు ఖాళీగా వదలకూడదు. సంతకమైన పత్రం నకలు ఒకటి మన చేతికి రావాలి. ఇది సంస్థ చూపే దయ కాదు, నిబంధన. ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు అందులోనే ఉంటుంది.

లోపల ఉన్నప్పుడు తల తిరిగినా, దద్దురు వచ్చినా, కడుపు తిప్పినా వెంటనే చెప్పాలి. చెబితే పంపేస్తారు, డబ్బు పోతుంది అని పక్క మంచం వాడు భయపెడతాడు, కాని చెప్పకపోతే తరువాతి డోసు యథాప్రకారం వస్తుంది. బీపీ చూడకుండా రాసుకుంటే, ఈసీజీ తీయకుండా తీశామని సంతకం పెట్టించుకుంటే ఒప్పుకోవద్దు. 2014లో హైదరాబాదులోని ఒక సంస్థలో ఫ్రెంచి తనిఖీ అధికారులు ఒకరి ఈసీజీనే వేరే వాలంటీర్ల పేరుతో చూపినట్లు కనిపెట్టారు. ఆ తరువాత 2015 జనవరిలో సుమారు 700 మందుల అనుమతులను నిలిపివేయాలని యూరప్ ఔషధ సంస్థ సిఫారసు చేసింది. వార్తలన్నీ ఎగుమతుల నష్టం గురించే రాశాయి. నాకు మాత్రం ఆ గ్రాఫు తనది కానివాడి గుండెను ఆ రోజు ఎవరు చూశారన్న అనుమానం మిగిలింది.

నష్టపరిహారం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏదైనా జరిగితే మొదట వచ్చేది ఏజెంటే, చేతిలో కొంత డబ్బు పెట్టి కాగితం రాయించుకోవడానికి. 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ప్రయోగాల నిబంధనల ప్రకారం ప్రయోగంలో గాయం కలిగితే, అవసరం ఉన్నంత కాలం లేదా ఆ గాయానికీ ప్రయోగానికీ సంబంధం లేదని తేలేవరకు, వీటిలో ఏది ముందైతే అంతవరకు ఉచితంగా వైద్యం చేయించాలి. తీవ్రమైన ఘటనను పరిశోధకుడు 24 గంటల్లోగా ఔషధ నియంత్రణ సంస్థకు, ప్రయోగం చేయిస్తున్న స్పాన్సర్‌కు, ఎథిక్స్ కమిటీకి తెలియజేయాలి. ప్రయోగం కారణంగా మరణం సంభవిస్తే పరిహారానికి సూత్రం ఉంది: 8 లక్షల రూపాయలను వయసును బట్టి ఇచ్చే గుణకంతోనూ, ఆరోగ్య స్థితికి ఇచ్చే అంకెతోనూ హెచ్చించి 99.37తో భాగించాలి. ఆరోగ్యవంతుడికి ఆ అంకె 4. ముప్పై ఏళ్లవాడి గుణకం 207.98 కాబట్టి మొత్తం దాదాపు 66.98 లక్షలు అవుతుంది. పరిహారాన్ని తేల్చేది నియంత్రణ సంస్థ, ఏజెంటు కాదు. మందు వల్లనే కాక, ప్రయోగంలో భాగమైన పరీక్షల వల్ల, సిబ్బంది నిర్లక్ష్యం వల్ల, తల్లిదండ్రులు పాల్గొనడంతో గర్భస్థ శిశువుకు కలిగిన హాని వల్ల కూడా ఈ హక్కు వస్తుంది. అందుకే గర్భం వచ్చే అవకాశం ఉన్న స్త్రీలూ, సంతానం కోసం ప్రయత్నిస్తున్న పురుషులూ ఆ సంగతి ముందే చెప్పాలి.

రోగులుగా ఆసుపత్రిలో ప్రయోగంలో చేరేవారికి ఒక్క మాట. మనకు వైద్యం చేసే డాక్టరే పరిశోధకుడు కూడా అయినప్పుడు ఆయన మాట కాదనడం కష్టం. ఇది నాకు మామూలుగా ఇచ్చే వైద్యమా, ప్రయోగమా, నాకు మందు లేని ఉత్తుత్తి మాత్ర వచ్చే అవకాశం ఉందా, చేరకపోతే నా వైద్యం ఎలా సాగుతుంది అన్న ప్రశ్నలు ఇంట్లో చదువుకున్నవారు ఒకరు పక్కన ఉండగా అడగాలి. ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకున్నందుకు వైద్యం ఆగకూడదు. ప్రయోగం సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదై ఉందో లేదో ఫోనులోనే చూడవచ్చు.

ఇంటికి తిరిగి వచ్చాక వారం పది రోజులు ఎండలో బరువు పనికి పోకుండా, నీళ్లు ఎక్కువగా తాగుతూ ఉండాలి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, జ్వరం, దద్దురు, వాపు, ఆయాసం కనిపించినా కేంద్రానికి ఫోన్ చేసి, ఫోన్ చేసిన తేదీ, గంట రాసి పెట్టుకోవాలి. వారు ఎత్తకపోతే ఎథిక్స్ కమిటీకి చేయాలి. ప్రమాదంగా ఉంటే ఎవరి ఫోన్ కోసమూ ఎదురుచూడకుండా 108కి చేసి ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న ఏ మందు వేసుకున్నావని కనుక, అంగీకార పత్రం ప్రతిని బీరువాలో దాచకుండా ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచి, దాని ఫొటో మరొకరి ఫోనులో కూడా పెట్టాలి.