యుద్ధ ప్రాంతంలోని పౌరులకు వైద్య సహాయం చేర్చడం ఎలా

యుద్ధం సాగుతున్న ప్రాంతానికి వైద్య సహాయం పంపదలచినవారు మందులు కొనడానికి ముందే, ఆ దారి పొడవునా ఆయుధాలు పట్టి నిలిచిన ప్రతి పక్షం సమ్మతినీ సంపాదించుకోవాలి. గోదాములో టన్నులకొద్దీ సరుకు సిద్ధంగా ఉన్నా, ఒక్క చెక్‌పోస్టులోని అధికారికి పైనుంచి ఆదేశం అందకపోతే లారీ అక్కడే నిలిచిపోతుంది, అందులోని ఇన్సులిన్ ఎండకు పాడైపోతుంది. సహాయ బృందాల్లో చేరాలనుకునే వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు చికిత్సకు ఎంతగా సిద్ధపడతారో ఈ సంప్రదింపులకూ అంతగా సిద్ధపడాలి.

చర్చకు కూర్చునేటప్పుడు చట్టం చేతిలో ఉండాలి. యుద్ధకాలంలో పౌరుల రక్షణ కోసం దేశాలు చేసుకున్న 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందంలోని 18వ అధికరణం పౌర ఆసుపత్రులపై దాడిని నిషేధిస్తుంది. పౌరుల కోసం ఉద్దేశించిన మందులను, ఆసుపత్రి సామగ్రిని, ఆ పౌరులు శత్రుపక్షం వారైనా సరే, దాటిపోనివ్వాలని 23వ అధికరణం చెబుతుంది. అయితే సరుకు పక్కదారి పట్టదన్న నమ్మకం కుదరాలన్న షరతు కూడా అందులోనే ఉంది. కాబట్టి ఏ పెట్టెలో ఏముంది, ఏ ఆసుపత్రికి చేరుతుంది, అక్కడ ఎవరు సంతకం చేసి తీసుకుంటారు అన్న వివరాలతో జాబితా తయారుచేసి, తనిఖీకి తామే ముందుగా ఒప్పుకోవడం మంచిది. అంతర్యుద్ధాల్లో మరో చిక్కు ఎదురవుతుంది: తిరుగుబాటుదారులతో మాట్లాడితే వారికి గుర్తింపు ఇచ్చినట్టవుతుందని ప్రభుత్వాలు సంకోచిస్తాయి. నాలుగు జెనీవా ఒప్పందాలకూ ఉమ్మడిగా ఉన్న 3వ అధికరణం ప్రకారం నిష్పక్షపాత సంస్థ ఇరుపక్షాలకూ తన సేవలను ప్రతిపాదించవచ్చు, ఆ అధికరణం అమలు వల్ల ఏ పక్షానికీ చట్టపరమైన హోదా మారదు. ఈ వాక్యాన్ని అధికారులకు చూపించి మాట్లాడాలి.

శాశ్వతమైన కాల్పుల విరమణ కోసం ఎదురుచూస్తే కాలం మించిపోతుంది. నిర్ణీత పనికి నిర్ణీత గంటలు అడగడం ఎక్కువసార్లు ఫలిస్తుంది. 1985లో మధ్య అమెరికా దేశమైన ఎల్ సాల్వడార్ అంతర్యుద్ధం మధ్యలో యూనిసెఫ్, క్యాథలిక్ చర్చి పెద్దల చొరవతో పిల్లల టీకాల కోసం ఇరుపక్షాలూ మూడు వేర్వేరు రోజులు కాల్పులు ఆపాయి. ఆ తరువాత యుద్ధం ముగిసేవరకు ఏటా అదే ఏర్పాటు కొనసాగింది.

గాజాలో 2024లో జరిగినది ఈ పద్ధతికి ఇటీవలి ఉదాహరణ. ఆ ఏడాది జూలైలో అక్కడి మురుగునీటి నమూనాల్లో పోలియో వైరస్ బయటపడింది. ఆగస్టులో పది నెలల పసివాడికి పక్షవాతం పోలియో వల్లనేనని తేలింది. 25 ఏళ్లలో అక్కడ అదే మొదటి కేసు. సెప్టెంబరు 1 నుంచి ముందు మధ్య గాజాలో, తరువాత దక్షిణాన, ఆపైన ఉత్తరాన, ఒక్కో ప్రాంతానికి రోజులో కొన్ని గంటల విరామం కుదుర్చుకుని, పదేళ్లలోపు పిల్లలు సుమారు 5,59,000 మందికి చుక్కల మందు వేశారు. మన పల్స్ పోలియో రోజుల్లో చూసినట్టే ఐస్ ప్యాకులు పేర్చిన క్యారియర్లు భుజాన వేసుకుని, చుక్కలు వేసిన పిల్లల వేలికి సిరా గుర్తు పెడుతూ ఆ పని చేసినవారిలో ఎక్కువమంది తామే ఇళ్లు కోల్పోయిన స్థానిక ఆరోగ్య కార్యకర్తలు. రెండో విడతలో మాత్రం దాడుల తీవ్రత వల్ల ఉత్తర గాజా కార్యక్రమం వాయిదా పడి, నవంబరులో తక్కువ ప్రాంతానికే పరిమితమైంది. ఆ విరామం అమల్లో ఉన్న సమయంలోనే ఒక ఆరోగ్య కేంద్రంపై దాడి జరిగి, నలుగురు పిల్లలతో కలిపి ఆరుగురు గాయపడ్డారని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది. అందుకే విరామం కుదిరిన రోజున కూడా ఒకే చోట పెద్ద వరుసలు ఏర్పడనివ్వకూడదు. చిన్న కేంద్రాలు ఎక్కువ పెట్టి, జనాన్ని త్వరగా పంపించివేయాలి.

ఆసుపత్రులు, గోదాములు, వాహనాలు ఎక్కడున్నాయో ఇరుపక్షాలకూ లిఖితపూర్వకంగా తెలియజేయాలి, చిరునామా మారినప్పుడల్లా మళ్లీ తెలియజేయాలి. ఇది అవసరమే గాని ఇది ఒక్కటే చాలదు. 2015 అక్టోబరు 3న అఫ్గానిస్థాన్‌లోని కుందుజ్‌లో అంతర్జాతీయ వైద్య సహాయ సంస్థ డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ ఆసుపత్రిపై అమెరికా విమానం దాడి చేసి 42 మంది ప్రాణాలు తీసింది. ఆ ఆసుపత్రి ఎక్కడుందో ముందే తెలియజేశారు. దాడి మొదలయ్యాక సిబ్బంది సైనికాధికారులకు ఫోన్లు చేసినా అది వెంటనే ఆగలేదు. కాబట్టి దాడిని ఆపమని ఆదేశించగల అధికారి ఎవరో, అర్ధరాత్రి వేళ ఆయనకు చేరే నంబరు ఏదో ముందే నిర్ధారించుకుని, దానిని తరచూ పరీక్షిస్తూ ఉండాలి. ఇది ఆసుపత్రి అని తెలిపే పైకప్పు మీది గుర్తు గాలిలోంచి కనబడేంత పెద్దదిగా ఉండాలి. ఆసుపత్రి ఆవరణలోకి తుపాకీతో ఎవరూ రాకూడదన్న నియమంలో సైనికుడికైనా, మంత్రికైనా సడలింపు ఉండకూడదు. వాహనాలకు సాయుధ కాపలా కూడా వీలైనంతవరకు వద్దు, ఎందుకంటే ఒక పక్షం కాపలాతో వెళ్లిన లారీని రెండో పక్షం శత్రువుగానే చూస్తుంది.

ఏం పంపాలో అక్కడి వైద్యులే చెప్పాలి. యుద్ధమనగానే తూటా గాయాలే గుర్తుకొస్తాయి గాని తట్టు, విరేచనాలు, కాన్పు కష్టాలు, ఆగిపోయిన డయాలసిస్, దొరకని ఇన్సులిన్ కూడా ప్రాణాలు తీస్తాయి. మొదటి దశకు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన అత్యవసర కిట్ అనుకూలం, పదివేల మందికి మూడు నెలలకు సరిపోయేలా దానిని కూర్చారు. దాతలు ఇళ్లలోంచి పోగుచేసి ఇచ్చే కలగాపులగపు మందులను, వారి మనసు నొచ్చుకున్నా, తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం. 1992 నుంచి 1996 వరకు బోస్నియాకు చేరిన విరాళాల్లో సుమారు 17,000 టన్నుల మందులు వాడకానికి పనికిరానివని తేలింది. వాటిని దాచడం, నాశనం చేయడం అక్కడివారికే భారమైంది. చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి, స్థానిక సిబ్బందికి అర్థమయ్యే భాషలో లేబుల్ ఉన్న మందులే పంపాలి. మార్ఫిన్ వంటి నియంత్రిత మందులకు విడిగా అనుమతులు కావాలి గనుక ఆ దరఖాస్తులు అన్నిటికంటే ముందు పెట్టాలి.

కరెంటు లేనిచోట చల్లదనం కాపాడటం కష్టం. చాలా టీకాలు, ఆక్సిటోసిన్, తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ప్రతి పెట్టెలో ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరం పెట్టాలి. కాన్పు తరువాతి రక్తస్రావానికి, ఫ్రిజ్ లేని కేంద్రాలకు ఆక్సిటోసిన్‌కు బదులు మిసోప్రొస్టాల్ మాత్రలు పంపవచ్చు.

రోగులను ఎంచుకునేటప్పుడు అవసరం ఒక్కటే కొలమానం కావాలి. గాయపడి పోరాటం నుంచి తప్పుకున్న సైనికుడు ఏ పక్షం వాడైనా రోగియే. పేరు, ఊరు, తెగ వంటి వివరాలు శత్రువుల చేతికి చిక్కితే ప్రాణహాని గనుక రికార్డుల్లో వీలైనచోట సంఖ్యలు మాత్రమే వాడాలి.

బయటివారికి దారులు మూసుకుపోయే రోజు వస్తుందని మొదటి నుంచే లెక్కలో ఉంచుకోవాలి. 2023 ఏప్రిల్ 15న సూడాన్‌లో యుద్ధం మొదలైన తరువాత అనేకచోట్ల సహాయాన్ని నిలబెట్టినవారు అత్యవసర స్పందన కేంద్రాల పేరుతో పనిచేస్తున్న పేటల యువకులు, స్థానిక వైద్యులే. పొరుగుదేశం చాద్ నుంచి పశ్చిమ సూడాన్‌లోని దార్‌ఫుర్‌కు వెళ్లే ఆద్రే సరిహద్దు దారి 2024 ఆగస్టులో తిరిగి తెరుచుకునే నాటికి వానలతో వాగులు పొంగి లారీలు కదలడమే గగనమైంది. కాబట్టి వానాకాలానికి ముందే చిన్న చిన్న నిల్వలను పలుచోట్ల ఉంచి, స్థానిక సిబ్బందికి కొన్ని నెలల జీతం ముందుగా అందించి, కొనుగోలుకు నగదు అధికారం వారికే ఇవ్వాలి. ఫోన్ పనిచేసిన రోజున ఏ మందు ఎంత ఖర్చయిందో, ఎంత మిగిలిందో వారి నుంచి తెలుసుకుని, మిగిలినది అయిపోకముందే తరువాతి సరుకుకు అనుమతి పత్రాలు మొదలుపెట్టాలి.