ముంపులో పోయిన ఊరిని పాత ఛాయాచిత్రాలలో వెదకడం ఎలా

శ్రీశైలం జలాశయం 885 అడుగుల పూర్తి మట్టానికి నిండినప్పుడు దాని కింద ఏమున్నదో ఒడ్డున నిలబడినవారికి తెలియదు. 1981 ప్రాంతంలో ఇళ్లు వదలి వెళ్లిన కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల కుటుంబాలకు మాత్రం అక్కడ చేలు, బావులు, కళ్లాలు, గుళ్లు ఉండేవని బాగా తెలుసు. మా అవ్వ పుట్టిన ఊరు కూడా వాటిలో ఒకటి. ఆ నేల మునగకముందు పైనుంచి ఎలా కనిపించేదో చూపే చిత్రాలు ఉన్నాయి; ఓపిక ఉంటే ఇంట్లో కూర్చునే వాటిని వెదికి తీయవచ్చు.

వెదుకులాట కంప్యూటరు దగ్గర కాదు, పెద్దవాళ్ల దగ్గర మొదలు కావాలి. ఊరు నదికి ఏ వైపున ఉండేది, ఎంత దూరంలో ఉండేది, వంక ఎటునుంచి వచ్చి కలిసేది, చెరువు కట్ట ఎక్కడ ఉండేది, బండ్లబాట ఏ ఊరికి పోయేది అని అడిగి, వారు చెప్పినట్లే కాగితం మీద గీసుకోవాలి. పరిహారపు కాగితాలలో సర్వే నంబర్లు ఉంటే వాటినీ రాసుకోవాలి. ఆ తరువాత సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లను, అంటే కొండలు, నదులు, ఊళ్లు చూపే పటాలను చూడాలి. ఈ ప్రాంతంలో 16 డిగ్రీల అక్షాంశానికి దక్షిణాన ఉన్న భాగం 57ఐ షీట్లలోనూ, ఉత్తరాన ఉన్న భాగం 56ఎల్ షీట్లలోనూ పడుతుంది. కృష్ణా, తుంగభద్రల సంగమం ఆ గీతకు దగ్గరలోనే ఉన్నందున రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకపోతే ఊరు చేజారిపోతుంది.

స్థలాన్ని ఖాయం చేసుకోవడానికి మరో మంచి దారి వేసవి. ఏప్రిల్, మే నెలల్లో నీరు తగ్గినప్పుడు పాత సంగమేశ్వరం గుడి బయటపడినట్లే, మునిగిన ఊళ్ల పునాదులు, చెరువు కట్టలు, పాత బాటలు కూడా కొన్నిచోట్ల బయటపడతాయి. 2015 నుంచి తీస్తున్న సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో నీరు బాగా తగ్గిన ఏడాదిని ఎంచుకుని, ఊరు ఉన్నచోటి అక్షాంశ రేఖాంశాలను రాసుకోవాలి.

ఇక పాత చిత్రం సంగతి. మన దేశంలో విమానాల నుంచి తీసిన ఛాయాచిత్రాలు రక్షణ నిబంధనల పరిధిలో ఉంటూ వచ్చాయి కాబట్టి సామాన్యుడికి వాటిని సంపాదించడం సులువు కాదు. అందుకే నేను ముందుగా చూడమనేది అమెరికా నిఘా ఉపగ్రహాలు ఫిల్ము మీద తీసిన చిత్రాలను. 1960 నుంచి 1972 వరకు నడిచిన కరోనా కార్యక్రమపు చిత్రాలపై గోప్యతను 1995లో ఎత్తివేశారు. 1971 నుంచి 1984 వరకు పనిచేసిన హెక్సగన్ ఉపగ్రహాల చిత్రాలు ఆ తరువాత బయటికి వచ్చాయి. కరోనా చివరి కెమెరాలు సుమారు 1.8 మీటర్ల వివరాన్ని పట్టగలిగేవి. అంటే పెద్ద చెట్టు, చెరువు కట్ట, బండ్లబాట గుర్తుపట్టవచ్చు. హెక్సగన్ ప్రధాన కెమెరా చిత్రాలు అంతకంటే స్పష్టంగా ఉంటాయి.

వీటిని యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) వారి ఎర్త్‌ఎక్స్‌ప్లోరర్ వెబ్‌సైటులో వెదకాలి. ఉచితంగా ఖాతా తెరిచి, అక్షాంశ రేఖాంశాలను ఇచ్చి, తేదీల హద్దును 1960 నుంచి 1980 వరకు పెట్టి, డేటా సెట్స్‌లో డీక్లాసిఫైడ్ డేటా కింద ఉన్న విభాగాలన్నిటినీ ఎంచుకోవాలి. వచ్చిన ప్రతి ఫ్రేముకూ చిన్న నమూనా చిత్రాన్ని తెరిచి మబ్బులు ఉన్నాయేమో చూడాలి. పటం మీద చూపే ఫ్రేము హద్దులు అసలు స్థానానికి కొన్ని కిలోమీటర్లు అటూ ఇటూ ఉండవచ్చు కనుక ముందు వెనుక ఫ్రేములను కూడా విడవకూడదు. ఇప్పటికే స్కాన్ చేసినవి ఉచితంగా దిగుతాయి. స్కాన్ చేయనివాటికి ఫ్రేముకు 30 డాలర్లు కట్టాలి. అలా ఒకరు కట్టి తెప్పించినది తరువాత అందరికీ ఉచితంగా అందుతుంది. ఒకే ఊరివాళ్లు కలిసి ఆ ఖర్చు పంచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

కరోనా ఫ్రేము పొడవాటి పట్టీ; సాధారణంగా నాలుగు ముక్కలుగా వస్తుంది. ఉత్తరం పైన ఉంటుందని అనుకోకూడదు, చివరల దగ్గర చిత్రం సాగి ఉంటుంది కూడా. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఉన్న జియోరిఫరెన్సర్ సాయంతో దానిని నేటి పటం మీద కూర్చోబెట్టాలి. గుర్తులుగా కొండ బండలను, గుడిని, చెరువు కట్ట చివరలను తీసుకోవాలి కానీ, నది ఒడ్డును, ఇసుక మేటలను తీసుకోకూడదు. అవి ఏటా చోటు మారుతూనే ఉంటాయి. ఊరి చుట్టూ పది పన్నెండు గుర్తులు దొరికితే ఆ చిన్న భాగం సరిగ్గానే కూర్చుంటుంది.

నలుపు తెలుపు చిత్రాన్ని చదవడం కొంత అలవాటు మీద వస్తుంది. ఎర్రనేల తెల్లగా, నల్లరేగడి ముదురుగా కనిపిస్తుంది. నీరు ఎక్కువగా నల్లగానే ఉంటుంది, కానీ సూర్యకాంతి ఎదురుగా పడితే తెల్లగా మెరుస్తుంది. ఇళ్లన్నీ కలిసి బూడిదరంగు గరుకు మచ్చలా ఉంటాయి. ఆ మచ్చను ఆనుకుని చిన్న చిన్న తెల్లని చుక్కలు ఉంటే అవి కళ్లాలు కావచ్చు. తెల్లని సన్నని గీతలన్నీ ఊరి దగ్గర కలుస్తాయి, అవి బాటలు. చిత్రం తీసిన నెలను తప్పక చూడాలి, ఎందుకంటే మే నెలలో ఎండిన చెరువు, అక్టోబరులో నిండిన చెరువు ఒకే చెరువులా కనిపించవు.

ఈ చిత్రం నేల ఆనాడు ఎలా ఉన్నదో చెబుతుంది కానీ అది ఎవరిదో చెప్పదు. యాజమాన్యానికి రెవెన్యూ కాగితాలే ఆధారం. కోర్టులో దాఖలు చేయాలనుకుంటే ఎలక్ట్రానిక్ రికార్డులకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కోరే ధ్రువపత్రం గురించి న్యాయవాదిని ముందే అడగాలి. ఫ్రేము సంఖ్యను, తీసిన తేదీని ప్రతి నకలు మీదా రాసి ఉంచాలి.

చివరగా, ఊరు ఉన్న భాగాన్ని వీలైనంత పెద్ద కాగితం మీద ముద్రించి పెద్దవాళ్ల ముందు పరచాలి. ముందుగా నదిని, గుడిని చూపి, ఆపైన మనం మాట్లాడకుండా ఉండాలి. మా అవ్వ గుడి మీద వేలు పెట్టి, అక్కడినుంచి బాట వెంట మెల్లగా వేలు జరుపుతూ తమ బావి దగ్గర ఆపింది. వారు చెప్పే పేర్లను అక్కడికక్కడే పెన్సిలుతో ఆ కాగితం మీద రాసుకోవాలి.