క్యాసెట్‌లో మిగిలిపోయిన పాటలు - 3వ పాఠం: కిక్ ఎక్కడ పడుతోంది?

రేడియోలోంచి క్యాసెట్‌లోకి ఎక్కించుకున్న, పేరు తెలియని డాన్స్ పాటలు ఏ రకమో వేగాన్ని, నడకని బట్టి పట్టుకోవడమే ఈ పాఠాల పని. పోయిన పాఠంలో వేగం లెక్కపెట్టాం: 15 సెకన్లలో పడిన బీట్లను నాలుగుతో హెచ్చించడం. క్యాసెట్‌లో ఒక లెక్క, ఆన్‌లైన్‌లో అదే పాటకి ఇంకో లెక్క వచ్చిందా? టెన్షన్ వద్దు. పాత టేపు రికార్డర్లు అన్నీ ఒకే వేగంతో తిరగవు. రెండు మూడు బీట్ల తేడాని వదిలేయండి.

ఈసారి నడక, అంటే డ్రమ్ దెబ్బలు ఏ బీటు మీద పడుతున్నాయో చూద్దాం.

హౌస్ అనే రకం డాన్స్ పాటల్లో కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ శబ్దం) ప్రతి బీటుకీ పడుతుంది. బీటుకో అక్షరం చొప్పున 'త-క-ధి-మి' అనండి. నాలుగింటికీ 'ధన్' మని వినపడాలి. 'క', 'మి' దగ్గర సాధారణంగా చప్పట్లో, స్నేరో (టప్‌మనే చిన్న డ్రమ్) తోడొస్తాయి. సాధనకి డాఫ్ట్ పంక్ 1997లో తెచ్చిన 'అరౌండ్ ద వరల్డ్' పెట్టుకోండి. నిమిషానికి సుమారు 121 బీట్లు, అంటే 15 సెకన్లకి 30.

బ్రేక్‌బీట్ అలా కాదు. అక్కడ మనిషి వాయించిన డ్రమ్స్ ముక్కని కోసి, తిప్పి తిప్పి వాడతారు. అన్నిటికన్నా పేరున్న ముక్క 1969లో ద విన్‌స్టన్స్ పాట 'అమెన్, బ్రదర్'లో గ్రెగరీ కోల్‌మన్ వాయించింది. దాదాపు ఏడు సెకన్లే. దాంతో వేల పాటలు తయారైనా ఆయనకి రాయల్టీ ముట్టలేదు. నాకిప్పటికీ మింగుడుపడని సంగతి ఇది. ఆ ముక్క మొదట్లో 'త' మీద కిక్ పడుతుంది, 'క' లోపే ఇంకోటి. 'ధి' మీద ఎదురుచూస్తే రాదు, అది దాటాక జంటగా వస్తాయి. స్నేర్ మాత్రం 'క', 'మి' దగ్గర గట్టిగా మోగుతుంది.

1997లో లాస్ ఏంజెలెస్‌లో కేరాక్ 106.7 రేడియో పెడితే గిటార్ పాటల మధ్యలో ప్రాడిజీ బృందం పాట 'ఫైర్‌స్టార్టర్' వచ్చేది. రాక్ స్టేషన్‌లో ఇదేంటి అనుకునేవాణ్ణి. నడక తెలిశాక అర్థమైంది: అందులోదీ బ్రేక్‌బీటే, ఆ డ్రమ్స్ రాక్ చెవికి పరాయివి కావు. కెమికల్ బ్రదర్స్ 'బ్లాక్ రాకిన్ బీట్స్'కి 1998లో గ్రామీ ఇచ్చింది కూడా రాక్ విభాగంలోనే! డీజే పాట పేరు చెప్పేలోపే టేపు ఆపేసే నా అలవాటు వల్లే ఈ పాఠాలన్నీ.

ఒక్క చోట జాగ్రత్త. జంగిల్ అనే వేగమైన బ్రేక్‌బీట్ రకంలో డ్రమ్స్ నిమిషానికి 160 దాటి పరుగెడుతుంటే, బేస్ (అడుగున మోగే లోతైన స్వరం) అందులో సగం వేగంతో నడుస్తుంది. తల బేస్‌తో ఊగి లెక్క 80 దగ్గర ఆగిపోతుంది. స్నేర్‌నే పట్టుకుని, అది 'క', 'మి' మీద పడేలా నాలుగు అక్షరాలూ లెక్కపెట్టండి.

ఇంటిపని: మీ క్యాసెట్‌లోంచి పేరు తెలియని మూడు పాటలు తీసి, వేగం, 'ధి' మీద కిక్ ఉందో లేదో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో రోలాండ్ టీబీ-303 అనే బేస్ సింథసైజర్ కీచుమనే శబ్దాన్ని పట్టుకుందాం. దానికి ఆ కాగితం కావాలి.