వేసవి సలాడ్‌లో కీర చేదైతే, గిన్నె అడుగున నీళ్లు తేలితే

శ్రీరామనవమికి పానకంతో పాటు పెట్టే వడపప్పు కంటే మంచి వేసవి సలాడ్ నాకు తెలియదు. మా కోనసీమ పెరట్లో దొరికేవన్నీ దానికే చేర్చుకుంటాను: నానబెట్టిన పెసరపప్పు గుప్పెడు, కీర దోస, టమాటా, పచ్చిమామిడి, పచ్చికొబ్బరి, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు, మామిడి వేయని రోజు నిమ్మరసం. పొయ్యి వెలిగించే పని లేదు. అయినా చెడే చోట్లు కొన్ని ఉన్నాయి.

కీర చేదుగా ఉంది

దోసకాయ తరిగేముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడటం మన ఇళ్లలో ఊరికే పుట్టిన అలవాటు కాదు. దోస జాతి కాయల్లో కుకుర్బిటసిన్లు అనే చేదు పదార్థాలుంటాయి. ఎండ ఎక్కువైనా, నీళ్లు చాలకపోయినా అవి పెరుగుతాయి. మా గోదావరి డెల్టాలో సరిగ్గా ఎండలు ముదిరే వేళకే కాలువలకు నీళ్లు ఆపేస్తారు. దాంతో పెరడు నాలుగు రోజులు ఎండుతుంది, మోటారు వేసిన రోజు మునుగుతుంది. పాదు తట్టుకోలేనిది ఇదే.

చేదు తొడిమ వైపు, తొక్క కిందే ఎక్కువ. అటు వైపు అంగుళం కోసేసి, చెక్కు కాస్త మందంగా తీసి, మళ్లీ రుచి చూడండి. కొన కోసి ఆ ముక్కతోనే రుద్దితే నురగ వస్తుంది కానీ లోపలి చేదు పోదు. కాయ మరీ విషంలా ఉంటే నిమ్మరసంతో కప్పిపుచ్చొద్దు, పారేయండి. అంత చేదు తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. వచ్చే కాయల కోసం పాదు చుట్టూ ఎండుగడ్డి గానీ కొబ్బరి పీచు గానీ పరిచి, రోజూ పొద్దున్నే కొద్దికొద్దిగా నీళ్లు పోయండి.

అడుగున నీళ్లు తేలాయి

చుట్టాలొస్తున్నారని గంట ముందే కలిపి పెడతాం. వడ్డించేసరికి ముక్కలు మెత్తబడి నీళ్లలో ఈదుతుంటాయి. కారణం ఉప్పు. పళ్లెంలో రెండు కీర చక్రాలు పెట్టి ఒకదాని మీద చిటికెడు ఉప్పు చల్లి చూడండి. కాసేపటికే దాని మీద చెమట పట్టినట్టు చుక్కలు లేస్తాయి, తర్వాత ఒకదానితో ఒకటి కలిసి పళ్లెంలోకి జారతాయి. రెండోది అలాగే ఉంటుంది.

వెంటనే తినేటట్టయితే ఉప్పు, నిమ్మరసం ఆఖర్న, విస్తట్లో వడ్డించే ముందు కలపండి. ముందే చేసి పెట్టాలంటే తిరగేసి ఆలోచించండి: తరిగిన కీరకి ఉప్పు పట్టించి పదిహేను నిమిషాలు ఉంచి, పల్చటి గుడ్డలో వేసి గట్టిగా పిండి, తర్వాత మిగతావి కలపండి. అప్పుడు మళ్లీ ఉప్పు వేయొద్దు. టమాటాకి గింజల చుట్టూ ఉండే జిగురు తీసేస్తే నీరు బాగా తగ్గుతుంది. పప్పు కూడా చిల్లుల గిన్నెలో వేసి బాగా ఓడ్చాలి.

పులుపు ఎక్కువైంది

మామిడికాయ వేసిన రోజు నిమ్మకాయ మానేయండి. ఆవకాయ కోసం తెచ్చిన ‘కొత్తపల్లి కొబ్బరి’ రకం మామిడికాయలైతే రెండు చెంచాల తురుము చాలు. ఇప్పటికే మరీ పుల్లగా అయిపోతే మరో గుప్పెడు కొబ్బరి కోరు వేయండి, సర్దుకుంటుంది.

ఉల్లి ఘాటు

ఉల్లిపాయ కూడా వేసుకుంటే చక్రాల్లా కోసి పది నిమిషాలు చన్నీళ్లలో వేసి పిండేయండి.

కొత్తిమీర వాడిపోయింది

ఎండెక్కాక కోస్తే అంతే. పొద్దున్నే కోసి, కాడలు నీళ్లలో మునిగేలా గ్లాసులో పెట్టండి. అసలు వేసవిలో కొత్తిమీర తొందరగా పూతకొచ్చేస్తుంది, ఆకు సన్నబడి రుచి మారుతుంది. ఆ రోజుల్లో నేను పుదీనాకే మొగ్గు చూపుతాను. దాని కుండీని నీడకు జరిపితే వేసవిలోనూ నిలుస్తుంది.

సాయంత్రానికి వాసన వచ్చింది

ఇది పచ్చికొబ్బరి పని. మే నెల ఉక్కలో కోరిన కొబ్బరి బయట ఉంటే త్వరగా పులుస్తుంది, నానిన పప్పూ అంతే. వాసన వచ్చినది పిల్లలకు అసలు పెట్టొద్దు. కలిపిన సలాడ్ గంటలోపు తినేయాలి. అందుకే ఎందరు తింటారో అంతే కలపండి. తరిగిన కీర, ఓడ్చిన పప్పు విడివిడిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే, రాత్రికి వాటిలోనే గట్టి పెరుగు, పచ్చిమిర్చి వేసి పెరుగు పచ్చడి చేసుకోవచ్చు.