కార్బరేటర్ బండి మొరాయిస్తే స్క్రూ తిప్పే ముందు చూడాల్సినవి

ఐడ్లింగ్ నిలవకపోయినా, పికప్ తగ్గినా, మైలేజీ పడిపోయినా చాలామంది చెయ్యి ముందు కార్బరేటర్‌లో గాలి, పెట్రోల్ పాళ్లు సరిచేసే మిక్స్చర్ స్క్రూ మీదకే పోతుంది. ఆ స్క్రూ గట్టిగా పనిచేసేది థ్రాటిల్ మూసి ఉన్నప్పటి నుంచి ఎనిమిదో వంతు తెరుచుకునే వరకే. ఆ పైన వచ్చే తేడాకి దాన్ని ఎంత తిప్పినా ఫలితం ఉండదు, పైగా బాగున్న ఐడ్లింగ్ కూడా పాడవుతుంది. అందుకే బండి థ్రాటిల్ ఎంత తిప్పినప్పుడు ఇబ్బంది పెడుతోందో ముందు తేల్చుకోవాలి.

దానికీ ముందు కార్బరేటర్ బయట ఉన్నవి చూడండి. ప్లగ్ విప్పి గ్యాప్ సరిచేయండి, ట్యాపెట్లు (వాల్వ్ గ్యాప్) మాన్యువల్ కొలతకి పెట్టించండి. వాల్వ్ టైట్‌గా ఉంటే ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఆగిపోతుంది, దాన్ని కార్బరేటర్ తప్పుగా పొరబడతారు.

విశాఖ బండికి ఎయిర్ ఫిల్టర్ విషయంలో అలసత్వం పనికిరాదు. పోర్టు రోడ్డు, కాన్వెంట్ జంక్షన్, గాజువాక వైపు రోజూ తిరిగితే ఫిల్టర్‌కి నల్లటి దుమ్ము త్వరగా పడుతుంది. గాలి తగ్గితే పెట్రోల్ పాలు పెరిగి బండి రిచ్ అవుతుంది. పేపర్ ఫిల్టర్ అయితే మార్చేయాలి. ఫోమ్ అయితే సబ్బునీళ్లతో ఉతికి, ఆరబెట్టి, నూనె పట్టించి పిండాలి. ఫిల్టర్ తీసి ఒక్క నిమిషం స్టార్ట్ చేసినప్పుడు బండి తేలికపడితే దోషం దానిదే. ఫిల్టర్ లేకుండా మాత్రం నడపొద్దు.

ఇక ఉప్పు గాలి. సముద్రం దగ్గర ఆరుబయట నిలిపే బండ్లకు ట్యాంకు లోపల తుప్పు పడుతుంది, కార్బరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే అల్యూమినియం బౌల్‌కి తెల్లటి పొడి పడుతుంది. పెట్రోల్ కాక్ మూసి, ఫ్లోట్ బౌల్ డ్రెయిన్ స్క్రూ వదులు చేసి లోపలిది గాజు సీసాలోకి పట్టండి. అడుగున ఎర్రటి నలుసులో, నీటి పొరో కనిపిస్తే ట్యాంకు, కాక్ ఫిల్టర్ శుభ్రం చేయకుండా జెట్లు (పెట్రోల్ వదిలే సన్నని రంధ్రాలు) కడిగితే వారంలో మళ్లీ మొదటికి వస్తుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్‌తో నెలల తరబడి నిలిచిన బండిలో ఇది మరీ ఎక్కువ.

పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోయే బండికి ట్యాంకు మూత తెరిచి చూడండి. గాలి లోపలికి లాగిన చప్పుడు వచ్చి, ఆ తర్వాత స్టార్ట్ అయితే మూతలోని గాలి రంధ్రం పూడిందన్నమాట.

కార్బరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే ఇన్సులేటర్, ఓ-రింగ్ దగ్గర గాలి లీకైతే రేజ్ చేసి వదిలాక ఆర్పీఎం దిగడానికి ఆలస్యమవుతుంది. ఐడ్లింగ్‌లో అక్కడ నీళ్లు స్ప్రే చేయండి. చప్పుడు మారితే లీకు ఉన్నట్టే. కార్బ్ క్లీనర్ చల్లకండి, వేడి ఇంజిన్ మీద దానికి మంట అంటుకుంటుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు కార్బరేటర్ వంతు. గ్రిప్ మీద, పక్కనే స్విచ్ హౌసింగ్ మీద టేపు అంటించి పావు, అర, ముప్పావు, ఫుల్ గుర్తులు పెట్టుకోండి. ఎనిమిదో వంతు లోపు సమస్య అయితే పైలట్ జెట్ (ఐడ్లింగ్‌కి పెట్రోల్ ఇచ్చేది), స్క్రూ. అక్కడి నుంచి పావు దాకా స్లైడ్ కట్ (థ్రాటిల్‌తో పైకి లేచే స్లైడ్ అడుగు అంచు కోత). పావు నుంచి ముప్పావు దాకా ఆ స్లైడ్‌కి వేలాడే నీడిల్. ఆ పైన మెయిన్ జెట్. అర థ్రాటిల్ పరీక్షకి అడవివరం నుంచి సింహాచలం ఘాట్ ఎక్కడం బాగా పనికొస్తుంది, బరువు మీద ఇంజిన్ ఏ లోపమూ దాచుకోదు.

రిచ్చా (పెట్రోల్ ఎక్కువ), లీనా (పెట్రోల్ తక్కువ) అన్నది చోక్ చెబుతుంది. ఇబ్బంది ఉన్న చోట థ్రాటిల్ కదపకుండా చోక్ సగం లాగండి. బండి తేరుకుంటే లీన్, ఇంకా మూలిగితే రిచ్. ప్లగ్ రంగు కూడా చూడండి. గోధుమ రంగు మంచిది, సున్నంలా తెల్లగా ఉంటే లీన్, పొడి మసి ఉంటే రిచ్. తడిగా, నూనెగా ఉంటే కార్బరేటర్ కాదు, ఇంజిన్ ఆయిల్ కాలుతోంది.

స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటే అది ఎయిర్ స్క్రూ, లోపలికి తిప్పితే రిచ్. ఇంజిన్ వైపు ఉంటే పెట్రోల్ స్క్రూ, బయటికి తిప్పితే రిచ్. ఇంజిన్ బాగా వేడెక్కాక దాన్ని నెమ్మదిగా చివరిదాకా బిగించి (బలవంతం చేస్తే మొన పాడవుతుంది) ఒకటిన్నర చుట్లు విప్పండి. తర్వాత పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఆర్పీఎం ఎక్కువగా, నిలకడగా ఉండే చోట ఆపి, థ్రాటిల్ స్టాప్ స్క్రూతో ఐడ్లింగ్ సరిచేయండి. స్ప్లెండర్ లాంటి 100 సీసీ బండికి 1400 ఆర్పీఎం దగ్గర ఉండాలి. ఎయిర్ స్క్రూ అర చుట్టు లోపే బాగుంటే పైలట్ జెట్ పూడిపోయింది. ఆ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు, అందులో ఇనుప తీగ పెట్టొద్దు. క్లీనర్ పోసి కంప్రెసర్ గాలి కొట్టండి. మూడు చుట్లు దాటాకే బాగుంటే జెట్ పెద్దది.

నీడిల్ క్లిప్ ఒక గాడి కిందికి మారిస్తే నీడిల్ పైకి లేచి బండి రిచ్ అవుతుంది. ఒకసారికి ఒక్క గాడే మార్చండి. మెయిన్ జెట్ కూడా ఒక్క సైజు చొప్పునే.

బౌల్ పైపు నుంచి పెట్రోల్ కారుతుంటే, లేదా ఎంత ట్యూన్ చేసినా ప్లగ్ నల్లగానే ఉంటే ఫ్లోట్ నీడిల్ (బౌల్ నిండగానే పెట్రోల్ ఆపే సూది) మొనకి గాడి పడిందేమో చూసి మార్చండి. పల్సర్, యూనికార్న్ లాంటి బండ్లలో అర థ్రాటిల్ దాటాక లాగకపోతే కార్బరేటర్ పైమూత విప్పి, స్లైడ్‌ని లేపే రబ్బరు డయాఫ్రమ్‌ని (పలుచటి పొర) వెలుతురుకి పట్టండి. సూదిమొనంత చిల్లు చాలు, స్లైడ్ లేవదు. దానికి కార్బ్ క్లీనర్ తగలనివ్వొద్దు, రబ్బరు ఉబ్బుతుంది.

ఈ20లో ఆక్సిజన్ ఉంటుంది. పెట్రోల్ 1 కిలోకి 14.7 కిలోల గాలి సరిపోతే దానికి 13.5 దగ్గరే చాలు. అంటే పాత సెట్టింగుల్లో బండి కొంత లీన్ అవుతుంది. వదిలినప్పుడు సైలెన్సర్‌లో పటపటలు, చల్లగా ఉన్నప్పుడు ఊగిసలాట వస్తే ముందు స్క్రూని, చాలకపోతే నీడిల్‌ని రిచ్ వైపు జరపండి.

అనంతగిరి ఘాట్ ఎక్కి 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు చేరేసరికి గాలి పలచబడి బండి రిచ్ అయి బరువుగా లాగుతుంది. అక్కడ జెట్ తగ్గించొద్దు. ఆ జెట్‌తో కిందికి దిగాక బండి లీన్‌గా నడిచి ఇంజిన్ మితిమీరి వేడెక్కుతుంది.