కంపెనీ సీఎస్‌ఆర్ నిధితో బడికి మంచినీళ్లు – 3వ పాఠం: బడ్జెట్ వేయడం

సీఎస్‌ఆర్ అంటే కంపెనీలు చట్ట ప్రకారం సామాజిక పనులకు పెట్టే ఖర్చు. పోయిన పాఠంలో మన స్వచ్ఛంద సంస్థకు ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ నమోదు, సీఎస్‌ఆర్ నిధి తీసుకోవడానికి కావాల్సిన సీఎస్‌ఆర్–1 నమోదు సిద్ధం చేసుకున్నాం. ఇప్పుడు 400 మంది పిల్లలున్న హైదరాబాద్ పాతబస్తీ ప్రభుత్వ బడిని ఉదాహరణగా తీసుకుని బడ్జెట్ వేద్దాం.

ముందు నీళ్లు చూడాలి, ధరలు తర్వాత. నగరంలో చాలా బళ్లలో జలమండలి నల్లా ఒకటి, ఆవరణలో బోరు ఒకటి ఉంటాయి. రెండింటినీ వేరువేరుగా టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మీటరుతో కొలవండి. మన తాగునీటి ప్రమాణం ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిది. మీటరు క్రిములను, ఫ్లోరైడును పట్టుకోలేదు కాబట్టి నమూనాను ల్యాబుకూ పంపాలి. నల్లా నీళ్లలో టీడీఎస్ 500 లోపు ఉండి, ల్యాబులో క్రిములు తప్ప వేరే లోపం తేలకపోతే ఆర్వో (కరిగిన లవణాలను కూడా తీసేసే యంత్రం) అడగకండి. క్రిములను ఆపే సన్నటి వడపోత అల్ట్రా ఫిల్టర్, వాటిని చంపే అతినీలలోహిత కాంతి ఇచ్చే యూవీ దీపం సరిపోతాయి. ఫొటోకు బాగుంటుందని కంపెనీలు ఆర్వో వైపే మొగ్గుతాయి. అక్కడ ల్యాబు కాగితం చూపించి వద్దని చెప్పడం మీ బాధ్యత. బోరు తప్ప దిక్కులేక, అందులో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే మాత్రం ఆర్వో అడగొచ్చు.

ఇప్పుడు లెక్క. ఎండాకాలంలో బడివేళల్లో ఒక్కొక్కరికి లీటరున్నర అనుకుంటే రోజుకు 600 లీటర్లు. గంటకు 250 లీటర్ల యంత్రం సుమారు రెండున్నర గంటల్లో ఇస్తుంది. అయితే పిల్లలంతా మధ్యాహ్న భోజనం గంటకే ఒక్కసారిగా వస్తారు. అందుకే శుద్ధి చేసిన నీటికి 500 లీటర్ల ట్యాంకు, కనీసం 10 కుళాయిలు వేయండి. యంత్రం పెద్దదై కుళాయిలు మూడే ఉంటే చిన్న తరగతుల పిల్లలు తాగకుండానే వెనక్కి వెళ్తారు. ఆర్వో పెడితే సగం నీళ్లు వృథాగా పోతాయి. 600 లీటర్లకు 1200 లీటర్లు తోడాలి. ఆ వృథా నీటిని మరుగుదొడ్ల ట్యాంకుకు కలిపే పైపు ఖర్చు కూడా ఇందులోనే రాయండి.

ఎక్కువ ప్రతిపాదనలు దెబ్బతినేది నిర్వహణ దగ్గరే. యంత్రం ఆగిపోయేది పాడైనందుకు కాదు, కార్ట్రిడ్జ్ (యంత్రంలో మార్చాల్సిన వడపోత గొట్టం) మార్చే డబ్బు ఎవరి దగ్గరా లేనందుకు. నీళ్లు మొదట దాటే వడపోత కార్ట్రిడ్జ్ మూడు నెలలకు, యూవీ దీపం ఏడాదికి, ఆర్వో మెంబ్రేన్ (లోపలి వడపోత పొర) రెండు మూడేళ్లకు మార్చాలి. ట్యాంకు కడగడం, కరెంటు బిల్లు, ఏడాదికి రెండు నీటి పరీక్షలు కూడా ఉంటాయి. బడ్జెట్ పట్టికలో ప్రతిదానికీ ఒక వరుస, పక్కన ఎవరు కడతారో ఒక గడి. ఆ గడి ఖాళీగా ఉంటే ప్రతిపాదన పంపకండి.

ఈ నిర్వహణ ఖర్చుకు కంపెనీల చట్టంలోనే దారి ఉంది. కంపెనీ ‘ఆన్‌గోయింగ్ ప్రాజెక్టు’గా (ఏడాది దాటి కొనసాగే పనిగా) ఆమోదిస్తే, మొదలైన ఆర్థిక సంవత్సరం కాక మరో మూడేళ్ల వరకు ఖర్చు పెట్టొచ్చు. కాబట్టి బిగింపు మొదటి ఏడాదికి, నిర్వహణ తర్వాతి మూడేళ్లకు విడదీసి, ఈ మాట ప్రతిపాదన మొదటి పేజీలోనే రాయండి. యంత్రం కంపెనీ పేరున ఉండకూడదు. ప్రభుత్వ బడి కనుక విద్యాశాఖకు అప్పగించాలి. ఒప్పందంలో ప్రధానోపాధ్యాయుల సంతకంతో పాటు, మూడేళ్ల తర్వాత ఎవరు చూసుకుంటారో చెప్పే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ (బడి బాగోగులు చూసే కమిటీ) తీర్మానం కూడా జతచేయండి.

జీతాల విషయంలో చాలామంది అనవసరంగా భయపడతారు. ఏడాది సీఎస్‌ఆర్ ఖర్చులో 5 శాతం దాటకూడదన్న పరిమితి కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగం సాధారణ నిర్వహణకు పెట్టే ఖర్చుకు సంబంధించింది. ఈ ప్రాజెక్టును నేరుగా నడిపే మీ ఫీల్డ్ మనిషి జీతం అందులోకి రాదు. దాచకుండా పూర్తిగా రాయండి. తక్కువ చూపిస్తే ఆ మనిషి ఆరు నెలలకే మానేస్తాడు, పర్యవేక్షణ ఆగిపోతుంది.

మార్చిలో వచ్చే డబ్బుతో జాగ్రత్త. కంపెనీ మీ ఖాతాలో వేసినంత మాత్రాన చట్టం దృష్టిలో అది ఖర్చయినట్టు కాదు, మీరు వాడితేనే ఖర్చు. ఏడాది చివర హడావిడిగా ఇస్తామంటే ఆన్‌గోయింగ్ ప్రాజెక్టుగా బోర్డు ఆమోదం ఉందా అని అడగండి. ఉంటే మిగిలిన సొమ్మును మార్చి 31 తర్వాత 30 రోజుల్లో కంపెనీ ప్రత్యేక ఖాతాలోకి మార్చుకుంటుంది. ఆమోదం లేకపోతే మార్చి 31లోగా ఖర్చయినట్టు బిల్లులు ఇవ్వమని మీ మీద ఒత్తిడి వస్తుంది.

4వ పాఠం ఒప్పందం రాయడం మీద. ఆలోగా ఒక బడి ఎంచుకుని రెండు నీటి వనరుల టీడీఎస్, పిల్లల సంఖ్య, పనిచేస్తున్న కుళాయిల సంఖ్య, నెల కరెంటు బిల్లు రాసి పెట్టుకోండి. ప్రతి వస్తువుకు మూడు కొటేషన్లు తీసుకోండి. వాటిలో నిర్వహణ ధర విడిగా రాయమని అడగడం మరవకండి.