గాలితో మట్టి తీసి చెట్టు మొదలు బయటపెట్టడం ఎలా?

రోడ్డు పక్కన వేపచెట్టో కానుగచెట్టో కరెంటు స్తంభంలా నిటారుగా నేలలోకి దిగిపోయి కనిపిస్తే, దాని మొదలు పూడిపోయినట్టే. కాండం అడుగున వెడల్పయి వేర్లుగా విచ్చుకోవాలి. రోడ్డు ఎత్తు పెంచిన ప్రతిసారీ మట్టి పోసి పైన టైల్స్ పరిస్తే ఆ చోటు లోపలికి పోతుంది. తడి మట్టి ఆనుకుని బెరడు కుళ్లుతుంది, కొత్త వేర్లు కాండాన్నే చుట్టి బిగిస్తాయి. ఆ మట్టిని గడ్డపారతో తవ్వితే వేర్లు తెగుతాయి. కంప్రెసర్ నుంచి వచ్చే గాలిని ఊది మట్టి తీసే పనిముట్టు ఎయిర్ స్పేడ్. దానితో ఆ బెడద చాలావరకు ఉండదు. దాని నాజిల్ నుంచి గాలి ధ్వని వేగానికి దాదాపు రెండింతల వేగంతో వచ్చి, మట్టి రేణువుల సందుల్లో దూరి, వ్యాకోచించి, గడ్డను లోపలి నుంచే పగలగొడుతుంది. వేరులో అలాంటి సందులు ఉండవు కాబట్టి నిలుస్తుంది.

కంప్రెసర్ దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. చూడాల్సింది ఒత్తిడి ఒక్కటే కాదు, గాలి పరిమాణం కూడా. సాధారణంగా 90 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) దగ్గర 150 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఇన్ని ఘనపుటడుగుల గాలి) వరకు కావాలి. నాజిల్‌ను బట్టి ఇది మారుతుంది, పనిముట్టు మీద రాసిన అంకె చూసుకోండి. పంక్చర్ షాపు కంప్రెసర్ ట్యాంకులో ఒత్తిడి ఉన్నా, ట్రిగ్గర్ నొక్కిన కొన్ని సెకన్లకే చతికిలబడుతుంది. రాళ్లు కొట్టే కంప్రెసర్ ట్రాక్టర్ సరిపోవచ్చు. బోరు బండిది మాత్రం తగిలించొద్దు, దాని ఒత్తిడి దీనికి మరీ ఎక్కువ. హోసు జాయింట్లన్నిటికీ సేఫ్టీ వైరు కట్టండి. జాయింటు ఊడితే హోసు పాములా కొట్టుకుంటుంది, కాలు విరగ్గొట్టగలదు.

ముందురోజు నీళ్లు పెట్టండి. నల్లరేగడి ఎండితే ఇటుకే, గాలి దూరదు. మరీ తడిస్తే బురద ఎగురుతుంది. పిడికెడు మట్టి నొక్కితే ముద్ద కట్టి, వేలితో తాకితే విడిపోవాలి. మొదలు చుట్టూ కరెంటు కేబుల్, నీటి పైపు, గ్యాస్ లైను ఎక్కడున్నాయో ముందే కనుక్కోండి. పైన టైల్స్, కాంక్రీటు ఉంటే చేత్తో తీయాలి, గాలికి అవి లొంగవు. ప్రభుత్వ స్థలంలోని చెట్టయితే మున్సిపాలిటీ అనుమతి తీసుకోండి.

చుట్టూ నాలుగడుగుల ప్లైవుడ్ పలకలు నిలబెట్టండి, లేదంటే గులకరాళ్లు పక్కింటి కారు అద్దాన్ని వెతుక్కుంటూ పోతాయి. ముఖానికి షీల్డు, లోపల కళ్లద్దాలు, చెవులకు మఫ్‌లు, దుమ్ముకు ఎన్95 మాస్కు, నిండు చేతుల చొక్కా ఉండాలి. ఆ గాలితో బట్టల దుమ్ము దులుపుకోవద్దు. చర్మంలోకి గాలి దూరితే ప్రాణం మీదికి వస్తుంది.

ఊదడం: కాండం దగ్గర మొదలుపెట్టి బయటికి రండి. నాజిల్‌ను వాలుగా, మట్టికి రెండంగుళాల ఎడంలో పట్టుకుని ఊడ్చినట్టు కదుపుతూనే ఉండాలి. ఒకేచోట నిలిపితే వేరు తోలు లేచిపోతుంది. మూడు నాలుగంగుళాల పొర తీశాక, వదులు మట్టిని పారతో ఎత్తి, తర్వాతి పొరకు వెళ్లండి. పీచువేర్లు కనిపించగానే జానెడు వెనక్కి జరగండి. అవి పోతే చెట్టు నీరు పీల్చుకునే శక్తే తగ్గుతుంది. కాండం విచ్చుకున్న చోటు కనబడ్డాక ఆపేయండి, అంతకు మించి లోతు అక్కర్లేదు.

కాండాన్ని చుట్టిన వేరు ఉంటే చిన్న రంపంతో కోయండి. అది కాండంలోకి దిగబడి ఉంటే పెకలించొద్దు, రెండు కొసలూ కోసి మధ్య ముక్కను వదిలేయండి. అలాంటివి చాలా ఉంటే ఈ ఏడు కొన్ని, మరో ఏడు కొన్ని. చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగులు, మెత్తని కుళ్లు, వాలిన కాండం కనిపిస్తే చెయ్యి పెట్టకుండా చెట్ల నిపుణుణ్ని పిలవండి.

బయటపడ్డ పీచువేరు ఎండలో ఎంతోసేపు బతకదు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోకండి. మబ్బు పట్టిన రోజు మంచిది. తవ్విన వెంటనే తడిపిన గోనెసంచులు కప్పి, మళ్లీ మళ్లీ తడుపుతూ, అదే రోజు వేర్లమీద మట్టి, బాగా మాగిన ఎరువు కలిపి కప్పండి. మొదలు మాత్రం తెరిచే ఉంచాలి. పైన రెండు మూడంగుళాల మందాన ఎండుటాకులు పరవండి, కాండానికి జానెడు దూరంలో. ఆనించి పోస్తే తీసిన మట్టినే మళ్లీ పోసినట్టు. నీళ్లు నెమ్మదిగా పట్టండి, కాళ్లతో తొక్కి గట్టిపరచకండి.